మత్తడి మీది నీళ్ళు: కామారెడ్డి, ఎల్లారెడ్డి సీమలో చూడదగిన తావుల చరిత్ర

ప్రపంచంలోని సుందర దృశ్యాలను ఎంచి చెప్పే యాత్రాగ్రంథాలు మంచుకొండలను, సముద్రతీరాలను, జలపాతాలను, లోయలను, అంటే మనిషి చేయి పడకముందే ఉన్నవాటిని, ముందు వరసలో నిలుపుతాయి. మనిషి కట్టినవాటికి చోటిచ్చినా ఆ చోటు కోటలకు, గుళ్ళకు, సమాధులకు దక్కుతుంది గాని పొలానికి నీళ్ళు పారించే ఆనకట్టకు దక్కడం అరుదు. ఉత్తర తెలంగాణలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో ఈ వరస తలకిందులవుతుంది. వానకాలం నడుమ హైదరాబాదు, మెదక్, నిజామాబాదు వైపుల నుంచి జనం పిల్లాపాపలతో వచ్చి గంటల తరబడి నిలబడి చూసే పోచారం, నిజాంసాగర్ జలాశయాలు రెండూ చూపు కోసం పుట్టినవి కావు. కరువును తట్టుకోవడానికి, వరి పండించడానికి, భూమిశిస్తు పెంచుకోవడానికి ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో హైదరాబాదు సంస్థానపు ఇంజనీర్లు లెక్కగట్టి కట్టినవి అవి. ఈ సీమలో యాత్రికుడి చూపుకు ఒక చరిత్ర ఉంటే, అది నీటి చరిత్రలో ఒక అధ్యాయంగానే ఉంటుంది.

ఆ మాట నిలవాలంటే ముందు నేల తీరు తెలియాలి. కామారెడ్డి, ఎల్లారెడ్డి, లింగంపేట, గాంధారి చుట్టుపక్కల నేల దక్కను పీఠభూమిలోని పాత నల్లరాతి, గ్రానైటు పొరల మీద పరచుకున్న పలుచటి ఎర్రమట్టి. నడుమ నడుమ గుండ్రాళ్ళు పేర్చినట్టుండే గుట్టలు, వాటి మీద టేకు, మోదుగ, తునికి చెట్ల అడవి. పడమరకు, జుక్కల్, మద్నూర్, బిచ్కుంద వైపు పోయేకొద్దీ అగ్నిశిల అరిగి ఏర్పడిన నల్లరేగడి మొదలవుతుంది, దానితోపాటే మరాఠీ, కన్నడ మాటలు కూడా వినిపిస్తాయి. ఎర్రమట్టి కింది రాయి నీటిని ఎక్కువ లోతుకు ఇంకనీయదు, పై మట్టి ఎక్కువకాలం దాచదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు ఇచ్చే వాన వాగుల్లో పడి కొద్దిరోజుల్లోనే జారిపోతుంది. ఆ వాగులన్నీ చివరికి చేరేది మంజీర నదిని. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర ఆగ్నేయంగా బీదరు దాటి మెదక్ సీమ దాకా వచ్చి, అక్కడ ఉత్తరానికి మళ్ళి, ఎల్లారెడ్డి, బాన్సువాడ ప్రాంతాల పక్కగా సాగి, నిజామాబాదు జిల్లా కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. నది పెద్దదే గాని ఒడ్డున ఉన్న రైతుకు ఏడాది పొడుగునా అక్కరకొచ్చే నది కాదు, నిలబెడితేనే నీరు.

ఇక్కడి బాటల మీద నడిచిన పాతకాలపు యాత్రికుల చూపులో దృశ్యానికి పెద్దగా చోటు లేకపోవడానికి కారణం ఇక్కడే వెతకాలి. 1666-67లో భారతదేశం తిరిగిన ఫ్రెంచి యాత్రికుడు జాన్ ద తెవెనో ఔరంగాబాదు నుంచి నాందేడ్, ఇందూరుల మీదుగా గోల్కొండ చేరాడు. ఇందూరు అంటే నేటి నిజామాబాదు. అతని తరువాత నూట అరవై ఏళ్ళకు, 1830 మేలో చెన్నపట్నం నుంచి పల్లకీ బోయీలతో, పరివారంతో కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య హైదరాబాదు నుంచి నిర్మల్ మీదుగా నాగపూరుకు పోయే బాట పట్టి ఈ ప్రాంతం గుండా సాగిపోయాడు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్ర తెలుగులో తొలి సమగ్ర యాత్రాగ్రంథంగా పేరు పొందింది. వీరాస్వామయ్య ప్రతి మజిలీలోనూ, అంటే రాత్రి బస చేసే ప్రతి ఊళ్ళోనూ, ముందుగా పట్టించుకున్నవి నీటి వసతి, దిగడానికి చోటు, అంగళ్ళలో దొరికే సరుకు, బాట బాగోగులు. వందమంది బలగంతో నడిచే మనిషికి ఊరి చెరువు నిండి ఉందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. ఆ నీటి మీద పడే పొద్దు అందమా కాదా అన్నది ఆ తరువాతి తరాలకు వచ్చిన తీరిక. అయినా చెరువు కట్ట మీది మర్రి నీడను, తూము దగ్గరి చల్లదనాన్ని ఆనాటి బాటసారి ఎంత ఆత్రంగా వెతికాడో గమనిస్తే, అవసరమూ ఆనందమూ ఒకే తావులో కలవడం ఇక్కడ కొత్తగా వచ్చింది కాదని అర్థమవుతుంది.

నీటిని నిలబెట్టే విద్య ఈ సీమకు కాకతీయుల కాలం నుంచీ తెలుసు. వాలు నేలలో వాగుకు అడ్డంగా మట్టికట్ట పోసి, కట్టలో రాతితూము, అంటే నీటిని కావలసినంత మేరకే పొలానికి వదిలే మార్గం, అమర్చి, ఒక చెరువు నిండగా మిగిలిన నీరు దిగువ చెరువుకు పోయేలా వరస కలపడం ఆ విద్యలోని సారం. కాకతీయ కాలపు మహాదేవాలయాన్ని తన ప్రాకారంలో నిలుపుకున్న దోమకొండ గడి ఈ వ్యవసాయం మీద నిలిచిన సంస్థానానికి కేంద్రం. తెలంగాణలో దొర లేదా సంస్థానాధీశుడు ఉండే కోటగోడల ఇంటిని గడి అంటారు. లింగంపేటలోని నాగన్న బావి అదే అవసరానికి మరో రూపం. నేల లోపలికి అంతస్తులుగా దిగుతూ, మెట్ల మీదుగా నీటిని చేరుకునే ఆ బావిలో అడుగంటిన వేసవి నీటికి కూడా మనిషి నడిచి వెళ్ళగలడు, ఎండ వేళ కమానుల నీడన కూర్చోనూగలడు.

రైలు రాకతో బాటలు మారాయి. సికింద్రాబాదు నుంచి మన్మాడు దాకా హైదరాబాదు-గోదావరి లోయ రైల్వే పేర వేసిన మీటరు గేజి మార్గం 1900 ప్రాంతంలో నడవడం మొదలుపెట్టగా, ఆ దారిలో స్టేషనైన కామారెడ్డి ధాన్యం, బెల్లం వ్యాపారానికి సంతగా పెరిగింది. ఎల్లారెడ్డికి రైలు రాలేదు. అడవి, వాగులు, మంజీర అటువైపే ఉన్నందువల్ల, ప్రయాణం సుఖంగా ఉండే ఊరొకటి, చూడవలసినవి ఉండే ఊరొకటి అనే తేడా ఆనాటి నుంచే ఏర్పడి, మోటారు బస్సులు వచ్చేదాకా అలాగే కొనసాగింది.

ఆనకట్టల యుగం మంజీర మీద 1905లో మెదక్ దగ్గర ఘనపురం ఆనకట్టతో మొదలైంది; దాని కాలువలకు మహబూబ్ నహర్, ఫతే నహర్ అని పేర్లు పెట్టారు. నది నీటిని జలాశయంగా నిలపకుండా, అడ్డుగోడతో మట్టం పెంచి కాలువల్లోకి మళ్ళించే చిన్న కట్టడం అది. ఆ తరువాత మూడేళ్ళకు, 1908 సెప్టెంబరు 28న, మూసీ వరద హైదరాబాదు నగరాన్ని ముంచివేయడం సంస్థానపు నీటి ఆలోచనను మలుపు తిప్పింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద నగరం ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు 1920, 1927లలో పూర్తయ్యాయి. వరదను ఆపగలిగిన రాతిగోడ కరువును కూడా ఆపగలదన్న నమ్మకం ఆ పనుల్లోనే ఇంజనీరింగు శాఖకు కుదిరింది. ఎల్లారెడ్డి పక్కన పోచారం పని మొదలైంది ఆ నమ్మకం బలపడుతున్న రోజుల్లోనే.

పోచారం జలాశయాన్ని 1916-1922 సంవత్సరాల మధ్య మంజీర ఉపనది అయిన ఆలేరు వాగు మీద, నేటి నాగిరెడ్డిపేట మండలంలో, మెదక్ సరిహద్దు దగ్గర కట్టారు. గాంధారి, లింగంపేట వైపు అడవుల్లో పడిన వాన వాగుల గుండా వచ్చి ఇందులో చేరుతుంది. కట్టినప్పుడు దాని నిల్వ సామర్థ్యం 2.42 టీఎంసీలు, ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. పూడిక వల్ల ఆ సామర్థ్యం ఇప్పుడు 1.82 టీఎంసీలకు తగ్గింది. నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల్లో సుమారు 10,500 ఎకరాల ఆయకట్టు, అంటే కాలువ నీరందే సాగుభూమి, దీని మీద ఆధారపడి ఉంది. యాసంగిలో, అంటే చలికాలంలో వేసే రెండో పంటకు, నీరు అందరికీ చాలదు కాబట్టి ఆయకట్టును ఏ జోన్, బి జోన్ అని రెండుగా విడదీసి వంతులవారీగా ఇచ్చే పద్ధతి ఏర్పడింది. ఎల్లారెడ్డి రైతు జలాశయాన్ని చూసే చూపులో ఆ ఏడు వంతు ఎవరిదన్న లెక్క ఎప్పుడూ ఉంటుంది.

పెద్ద నదుల మీది ప్రాజెక్టులతో పోలిస్తే పోచారం చిన్నది. దాని కట్టడంలో మాత్రం ఒక విశేషం ఉంది. మిగులు నీరు వదలడానికి దీనికి ఎత్తి దించే ఇనుప గేట్లు లేవు. ఆ పని మత్తడి చేస్తుంది. కట్ట తెగకుండా, నిండిన తరువాత వచ్చే నీరు తనంతట తాను బయటికి పోయేందుకు కట్ట కంటే తక్కువ ఎత్తులో రాతితో కట్టిన పొడవైన గోడ మత్తడి. కొన్ని చోట్ల దీన్నే అలుగు అంటారు. గేట్లున్న ఆనకట్ట వద్ద నీరు ఎప్పుడు దూకాలో అధికారి నిర్ణయిస్తాడు. మత్తడి వద్ద దాన్ని వాన నిర్ణయిస్తుంది. పోచారం నిండిన నాడు నీరు ఒక చోట గుమికూడి విరుచుకుపడదు. గోడ నిడివంతా ఒకే మందాన పరచుకొని, అంచు దాటగానే తెల్లబడి, కింది రాతిమెట్ల మీద నురగగా విరిగి, బండల నడుమ పాయలై మళ్ళీ వాగులో కలుస్తుంది. అలా పోయిన నీరు మంజీరలో చేరి, దిగువన నిజాంసాగర్‌కు ఇన్‌ఫ్లోగా లెక్కకెక్కుతుంది. మత్తడి దుంకిందన్న వార్త ఎల్లారెడ్డి బస్టాండులో చెప్పుకునేటప్పుడు అందులో రైతు సంతోషమూ, చూడబోయేవారి సంతోషమూ విడిగా ఉండవు. జలాశయం నిండకపోతే దృశ్యం లేదు. దృశ్యం లేని ఏడు పంట కూడా లేదు.

ఆ గోడను నిలబెట్టిన పదార్థం గురించి కూడా చెప్పుకోవాలి. సిమెంటు ఇంకా అరుదుగానూ ఖరీదుగానూ ఉన్న ఆ రోజుల్లో ఇలాంటి కట్టడాలన్నీ స్థానికంగా చెక్కిన రాయితో, డంగు సున్నంతో లేచాయి. కాల్చిన సున్నపురాయిని విరిచి నీళ్ళు పోసి చల్లార్చి, ఇసుకతోనో, ఇటుకపొడి అయిన సుర్ఖీతోనో కలిపి, గుండ్రంగా తవ్వి రాళ్ళు పరిచిన గాడిలో పోసి, ఎద్దులు లాగే బరువైన రాతిచక్రంతో రోజుల తరబడి నూరితే వచ్చే ముద్ద డంగు సున్నం. ఆ గాడికే గానుగ అని పేరు. నూరడం ఎంత మెత్తగా జరిగితే పట్టు అంత గట్టిగా ఉంటుంది. సిమెంటులా అది గంటల్లో గట్టిపడదు; నెలలు, ఏళ్ళు తీసుకొని గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ మళ్ళీ రాయిగా మారుతుంది, ఆ నెమ్మదితనం వల్లనే ఎండకూ తడికీ గోడ కొద్దిగా సాగి సర్దుకోగలుగుతుంది. రాయి కొట్టిన వడ్డెరలు, సున్నం కాల్చినవారు, గానుగ తోలినవారు, తట్టలు మోసిన ఆడవాళ్ళు ఏ శిలాఫలకం మీదికీ ఎక్కలేదు. పోచారం మత్తడి అందం గురించి రాసేవారు వారి పనిని చెప్పకుండా ముగించడం న్యాయం కాదు.

జలాశయం చుట్టూ ఉన్న అడవి నిజాం వేటకు ఉద్దేశించిన రక్షిత అడవిగా ఉండేది. సంస్థానం 1948లో భారతదేశంలో కలిసిన తరువాత, 1952లో దాదాపు 130 చదరపు కిలోమీటర్ల మేర దాన్ని పోచారం వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. వేటకోసం కాపాడిన అడవే వేటను నిషేధించిన అడవిగా మారడం దేశంలో చాలా చోట్ల జరిగిందే. జలాశయం చుట్టూ అభయారణ్యం ఏర్పడటానికి కేరళలో ముల్లపెరియార్ ఆనకట్ట 1895లో సృష్టించిన చెరువు చుట్టూ ఉన్న తేక్కడి ప్రసిద్ధ ఉదాహరణ. పోచారంలో చిరుత, ఎలుగు, తోడేలు, కణుజు, చుక్కల దుప్పి, నీలుగాయి, నాలుగు కొమ్ముల కొండగొర్రె ఉన్నట్టు అటవీశాఖ నమోదు చేసింది. అడవి కాక, నీరు చూపే విశేషం మరొకటి ఉంది. వాన వెనక్కి తగ్గి, జలాశయపు అంచుల్లో బురదనేల బయటపడే చలికాలంలో, తల వెనక రెండు నల్లటి చారలుండే బూడిదరంగు పెద్దబాతులు హిమాలయాల మీదుగా మధ్య ఆసియా నుంచి వచ్చి దిగుతాయి. ముక్కు మూసినా నడుమ సందు మిగిలే, నత్తలను ఏరుకుతినే కొంగలు కూడా ఇక్కడ కనిపిస్తాయి. కాలువకు నీళ్ళు వదిలేకొద్దీ లోతు తగ్గి ఆ అంచు పెరుగుతుంది కాబట్టి, పక్షుల మేత కూడా పరోక్షంగా యాసంగి నీటి వంతు మీద ఆధారపడినట్టే.

ఒక నదీలోయలో ఆనకట్ట కట్టడం దృశ్యాన్ని చంపుతుందా, పుట్టిస్తుందా అన్న వాదన ఈ జలాశయాలకు ముందు దశాబ్దాల్లో ప్రపంచంలో మరికొన్ని చోట్ల తీవ్రంగా సాగింది. ఇంగ్లండులో సరస్సుల సీమగా పేరుపొందిన ప్రాంతంలో థర్ల్‌మియర్ సరస్సును మాంచెస్టర్ నగరం తాగునీటి జలాశయంగా మార్చబోగా జాన్ రస్కిన్ వంటి రచయితలు గట్టిగా వ్యతిరేకించారు; 1879లో చట్టమై, 1894లో నీరు నగరానికి చేరింది. అమెరికాలో యోసెమిటీ జాతీయ వనంలోని హెచ్‌హెచీ లోయను కాపాడాలని ప్రకృతివాది జాన్ మ్యూర్ చేసిన పోరాటం 1913లో ఓడిపోయింది, శాన్‌ఫ్రాన్సిస్కో నీటి కోసం అక్కడ కట్టిన ఆనకట్ట 1923లో పూర్తయింది. మంజీర మీద నిజాంసాగర్ పని మొదలైనది సరిగ్గా ఆ ఏడే. అక్కడ లోయను ప్రేమించినవారు ఆనకట్టను నష్టంగా లెక్కించారు. ఇక్కడ మునిగిన లోయ గురించి అలాంటి గ్రంథాలు రాలేదు. లోయ అందమైనది కాకపోవడం అందుకు కారణం కాదు. దాన్ని ప్రేమించినవారు రాసే అలవాటు ఉన్నవారు కారు, పత్రికలూ సభలూ వారి అందుబాటులో లేవు. ఈ తేడాను మరిచి, పూర్వం ఇక్కడ ఏమీ లేదని, జలాశయం వచ్చాకే ఈ సీమకు అందం వచ్చిందని చెప్పే పర్యాటక వర్ణనలు సగం చరిత్రనే చెబుతాయి.

నిజాంసాగర్ నిర్మాణం 1923 నుంచి 1931 దాకా, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల మధ్య జరిగింది. దానికి రూపకల్పన చేసిన చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జులై 11న పుట్టిన ఆయన ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కళాశాలలో, అంటే భారతదేశపు ప్రజాపనులకు ఇంజనీర్లను తయారుచేసిన విద్యాసంస్థలో, చదివి వచ్చి, సంస్థానపు నీటిపారుదలను దశాబ్దాలపాటు నడిపించాడు. ఆయన పుట్టినరోజును తెలంగాణ ఇప్పుడు ఇంజనీర్ల దినంగా జరుపుకుంటోంది. సుమారు మూడు కిలోమీటర్ల పొడవున లేచిన ఆ కట్ట మీద మోటారు బండి నడిచేంత వెడల్పు గల బాట వేశారు, 29.72 టీఎంసీల నీటిని నిలిపి, నూటయాభై కిలోమీటర్లకు పైగా సాగే ప్రధాన కాలువతో 2,75,000 ఎకరాలు తడపాలన్నది లక్ష్యం. ఆ నీటికోసం నలభై దాకా ఊళ్ళు ఖాళీ అయ్యాయని చెబుతారు. గుళ్ళు, మసీదులు, తోటలు, ఊరబావులు, పొలిమేర రాళ్ళు నీటి కింద పోయాయి. ఒడ్డున కొత్త ఊళ్ళు పాత పేర్లతోనే వెలిశాయి గాని ఏ గట్టు మీద ఎవరి పొలం ఉండేదన్న జ్ఞాపకం రెండు తరాల్లో మాసిపోయింది.

నిజాంసాగర్ కట్టను చూడవచ్చిన తొలి తరం యాత్రికులు కూడా దాన్ని ప్రకృతి దృశ్యంగా చూడలేదు, ప్రభుత్వ శక్తికి గుర్తుగా చూశారు. అతిథుల కోసం కట్టిన గోల్ బంగ్లా వంటి విడుదులు అధికారులకు, పెద్దలకు ఉద్దేశించినవి. ఇంచుమించు అదే కాలంలో మైసూరు సంస్థానంలో కావేరి మీది కృష్ణరాజసాగర్ పక్కన దివాను మీర్జా ఇస్మాయిల్ పూలతోటలు, ఫౌంటెన్లు వేయించి బృందావనం అనే విహారస్థలాన్ని తయారుచేయించాడు. హైదరాబాదు సంస్థానం అలాంటి తోట వైపు మొగ్గింది నిజాంసాగర్ దగ్గర కాదు, నిజామాబాదు పక్కన 1931లో వచ్చిన అలీసాగర్ దగ్గర. నిజాంసాగర్‌కు మిగిలింది కట్ట, గేట్లు, దిగంతం దాకా నీరు. ఆ నిరాడంబరత్వమే దానికి మేలు చేసిందని చెప్పవచ్చు, ఎందుకంటే తోటలు పాడైనప్పుడు పోయే అందం దానికి మొదటి నుంచీ లేదు.

కాలువ దిగువన మాత్రం దేశమే మారిపోయింది. బోధన్‌లో శక్కర్‌నగర్ వద్ద 1930ల చివర్లో మొదలైన నిజాం చక్కెర కర్మాగారం చుట్టూ చెరకు తోటలు అల్లుకున్నాయి. కోస్తా జిల్లాల నుంచి వరి సేద్యం తెలిసిన కుటుంబాలు తరలివచ్చి కాలువ వెంట స్థిరపడ్డాయి, వారు మొదట వేసుకున్న విడుదులే పేరు చివర క్యాంపు అనే మాటతో ఇప్పటికీ ఊళ్ళుగా నిలిచి ఉన్నాయి. బాన్సువాడ నుంచి వర్ని, బోధన్ దాకా కాలువ గట్టున పోయే ప్రయాణికుడికి కనిపించే ఎడతెగని వరి పచ్చదనానికి వందేళ్ళైనా నిండలేదు. జలాశయపు పై భాగంలో మరో పని నిశ్శబ్దంగా సాగింది. మంజీర నల్లరేగడి నేలల గుండా వస్తుంది కాబట్టి ప్రతి వరదా టన్నుల కొద్దీ ఒండ్రు తెచ్చి జలాశయంలో వదులుతుంది. ఆ పూడిక ఇంజనీర్లు ఊహించిన దానికంటే ఎంతో వేగంగా పెరిగి నాలుగు దశాబ్దాల్లోనే సగానికి పైగా నిల్వను మింగేసింది. 1970లలో కట్ట మట్టాన్ని పెంచాక పూర్తి నీటిమట్టం 1,405 అడుగులకు, సామర్థ్యం 17.80 టీఎంసీలకు చేరింది. ఎగువన సింగూరు జలాశయం కట్టి మంజీర నీటిని హైదరాబాదు తాగునీటికి మళ్ళించాక నిజాంసాగర్ నిండే ఏళ్ళు తగ్గాయి. పర్యాటకులు చూసే నీటి పరపు ఎంత ఉండాలో రాజధానిలోని కుళాయిలు నిర్ణయించే స్థితి అది. 2021 ఏప్రిల్‌లో కాళేశ్వరం ఎత్తిపోతల ద్వారా తెచ్చిన గోదావరి నీటిని కొండపోచమ్మసాగర్ నుంచి హల్దీ వాగులోకి, అక్కడి నుంచి మంజీరకు, నిజాంసాగర్‌కు వదిలినప్పుడు, నడి ఎండాకాలంలో వాగు పారడం చూడటానికి జనం ఒడ్డున గుమిగూడారు.

2016 అక్టోబరు 11న నిజామాబాదు నుంచి విడిపోయి కామారెడ్డి జిల్లా ఏర్పడింది. ఎల్లారెడ్డి అందులో ఒక రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. కొత్త జిల్లాకు తనదంటూ చెప్పుకునే దర్శనీయ స్థలాల పట్టిక కావలసివచ్చింది. దోమకొండ గడి పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో మెరిట్ పురస్కారం దక్కింది. లింగంపేట నాగన్న బావి పూడిక తీసి బాగుచేసే పని కూడా ఈ ఏళ్ళలోనే జరిగింది. గడి, బావి ఇప్పుడు తమ మొదటి పని నుంచి విరమించుకున్న కట్టడాలు. వాటిని ఉన్నవి ఉన్నట్టు నిలిపితే చాలు. పోచారం, నిజాంసాగర్‌లు మాత్రం ఈనాటికీ పనిలోనే ఉన్నాయి, అందువల్ల వాటి పరిరక్షణ వేరే రకం పని: పూడిక తీయాలి, తూములు బిగించాలి, కాలువ లైనింగు చూడాలి, సున్నపు గోడ నీరు కారే చోట అదే గుణమున్న పదార్థంతో పూడ్చాలి. పాత సున్నపు పనికి గట్టి సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకొని రాయిని తినేస్తుందన్నది వారసత్వ కట్టడాల్లో పనిచేసేవారికి బాగా తెలిసిన విషయం. నీటిపారుదల పనుల టెండర్లలో కూడా ఈ తెలివిడికి చోటు దొరకాలి.

ఆ పరిరక్షణ ఎంత అత్యవసరమో 2025 ఆగస్టు చివరి వారంలో బయటపడింది. ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి జిల్లా మీద కుండపోతగా కురిసిన వాన పట్టణంలోని కాలనీలను ముంచి, రోడ్లను, రైలు మార్గాన్ని కోసివేసి, పోచారానికి దాని రూపకల్పన లెక్కలకు మించిన వరదను తెచ్చింది. నీరు మత్తడి మీదుగానే కాక కట్ట అంచుల మీదుగా కూడా పొర్లింది, పక్కనున్న మట్టి కోసుకుపోయి పెద్ద గండి పడింది, దిగువ ఊళ్ళ జనాన్ని ఖాళీ చేయించవలసివచ్చింది. నూరేళ్ళు దాటిన రాతిగోడ మాత్రం నిలిచింది. ప్రతి వానకాలం సందర్శకులు నిలబడి చూసే ఆ నిడివైన తెల్లటి ధార ఆ రెండు రోజులూ చూసేవాళ్ళెవరూ దగ్గరికి పోలేని ఎర్రటి వరద. గండి పడిన వైపు కట్టను బలపరచడం, మారిన వానలకు తగినట్టు మత్తడి విడుదల సామర్థ్యాన్ని తిరిగి లెక్కగట్టడం, కట్ట మీదికి వచ్చే జనానికి వరద హెచ్చరిక ఏర్పాటు చేయడం అనే మూడు పనులూ ఆ వరద తరువాత నీటిపారుదల శాఖ ముందూ, పర్యాటక శాఖ ముందూ ఒకేసారి నిలిచాయి.